అమ్మ స్కోరు రాసిన వేసవి

పోయిన శనివారం మేకులు కొనడానికి హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే, గుమ్మం పక్కన ఏదో స్కూలు వాళ్ళు చందాల కోసం మాంసం సాసేజీలు కాలుస్తున్నారు. ఇనప రేకు మీద ఉల్లిపాయలు రంగు తిరిగి అంచులు మాడుతున్నాయి. పక్కనే మొక్కలమ్మే చోట ఒకాయన పైపు పట్టుకుని, చిరిగిన బస్తాలోంచి ఒలికిన ఎర్రమట్టిని కడుగుతున్నాడు. మాడిన ఉల్లిపాయ, తడిసిన మట్టి. ఆ రెండు వాసనలూ ఒక్కసారి తగిలేసరికి మేకుల సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. నాకు పదేళ్ళు. రేకుల షెడ్డు కింద, అమ్మ కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. మా జట్టు ఓడిపోతోంది.

అప్పటికి మేం సిడ్నీ వచ్చి మూడు నెలలు. బ్లాక్‌టౌన్ స్టేషనుకి పది నిమిషాల నడకలో, రెండో అంతస్తులో, ఇక్కడ యూనిట్ అనే ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాన్న సిటీలో ఒక పెద్ద ఇన్సూరెన్సు కంపెనీలో పాత ప్రోగ్రాములు సరిచేసే పని మీద వచ్చాడు. ఏం సరిచేస్తావు నాన్నా అని అడిగితే, కంప్యూటర్లకి సంవత్సరంలో చివరి రెండంకెలే తెలుసనీ, వచ్చే ఏడాది చివర రెండు సున్నాలు రాగానే అవి వందేళ్ళు వెనక్కి పోయామనుకుంటాయనీ చెప్పాడు. అలా అనుకుంటే మనం ఇంకా పుట్టనట్టా అని అడిగాను. ఆఫీసులో అదే ప్రశ్న మీద మూడు వందల మంది పనిచేస్తున్నారని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుల్లో నాకు అర్థమయినవి తక్కువ. డిసెంబరులో రోడ్డు తారు కరిగేది. చలికాలం సెలవులు ఎండలో వచ్చేవి. షాపుల కిటికీల్లో దూదితో మంచు అతికించి, దాని కింద ఈతబట్టలు అమ్మేవాళ్ళు. స్కూల్లో టీచరు ఈ ఆర్వో లైబ్రరీ ఉంది అంటే, ఆర్వో అనే ఆవిడెవరో వస్తుందని సాయంత్రం దాకా ఎదురుచూశాను. మధ్యాహ్నానికి ఇక్కడ అదే పేరని తరవాత తెలిసింది.

అమ్మ పరిస్థితి ఇంకో రకం. గుంటూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో పన్నెండేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. జీతం లేని సెలవు పెట్టి మాతో వచ్చింది. వచ్చిన వారం నుంచి ఉద్యోగాలకి అప్లికేషన్లు రాసింది. వచ్చిన ప్రతి జవాబులోనూ ఒకే మాట ఉండేది, లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదని. ఇక్కడ ఇంకా ఉద్యోగమే ఇవ్వకపోతే ఇక్కడి ఎక్స్‌పీరియన్స్ ఎక్కణ్ణుంచి తేవాలో నాన్నని అడిగేది. పగలంతా అమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా లెక్కల పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చేసేది. నా హోంవర్కు నేను చేసిన గుర్తే లేదు.

బేస్‌బాల్ మా ఇంట్లోకి బియ్యం బస్తాతో వచ్చింది. స్టేషను దగ్గర కర్నూలు అంకుల్ షాపు ఉండేది. కరివేపాకు, గోంగూర సీసాలు, ఇడ్లీరవ్వ అన్నీ ఆయన దగ్గరే. బస్తా కొన్నవాళ్ళకి నాలుగు టికెట్లు ఊరికే చేతిలో పెట్టాడు. క్లబ్బు వాళ్ళు కట్టలు కట్టలు ఇచ్చిపోతున్నారనీ, ఎవరూ పోవడం లేదనీ చెప్పాడు. "తీస్కపో అమ్మా, పాపకి పొద్దు పోతాది," అన్నాడు అమ్మతో. నాన్న టికెట్ మీద బ్యాటూ బంతీ బొమ్మ చూసి క్రికెట్ అనుకున్నాడు. ఆదివారం అమ్మ పులిహోర కలిపింది, చేగోడీల డబ్బా సర్దింది, నాన్న టోపీ పెట్టుకున్నాడు. రెండు స్టేషన్ల అవతల దిగి, ఎండలో నడిచి వెళ్ళాం.

లోపల వికెట్లు లేవు. పిచ్ లేదు. పచ్చటి గడ్డి మధ్య ఎర్రమట్టితో చతురస్రం, దాని నాలుగు మూలలా తెల్ల దిండ్లలాంటివి. వెలిసిపోయిన ఆకుపచ్చ బట్టల్లో మా ఊరి జట్టు. వెయ్యిమంది పట్టే చోట యాభై మంది లేరు. నాన్న పది నిమిషాలు కష్టపడి చూసి, ఎప్పుడు ఎవరు అవుటయ్యారో ఒక్కటీ తెలియక, మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోయాడు. మా వాళ్ళు ఓడిపోయారని అందరూ లేచి వెళ్తుంటే తెలిసింది. ఆ సీజన్‌లో వాళ్ళు గెలిచిన ఆటలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు.

మేం కూర్చున్న వరస ముందే, వల వెనక ఒక చిన్న బల్ల ఉండేది. దాని దగ్గర తెల్లజుట్టు ముసలావిడ వెడల్పాటి పుస్తకం తెరుచుకుని కూర్చునేది. క్లబ్బుకి ఇరవై రెండేళ్ళుగా స్కోరు రాసేది ఆవిడేనని తరవాత తెలిసింది. నేనూ అమ్మా మాలో మేం స్కోరు మామ్మ అనేవాళ్ళం, ఎదురుగా మాత్రం ఆంటీ. ఆ మొదటి రోజు ఆవిడ వెనక్కి తిరిగి, "ఆ బంతి ఎవరు పట్టారు లవ్?" అని ఇంగ్లీషులో అడిగింది. ఇక్కడ పెద్దవాళ్ళు ఎవరినైనా అలాగే పిలుస్తారని తెలియక, పరాయి మనిషి అమ్మని లవ్ అనడం నాకు సిగ్గనిపించింది. అమ్మ చొక్కా మీది నంబరు చూసి ముప్ఫై నాలుగు అంది. ముసలావిడ నవ్వి, చొక్కా నంబర్లు కాదనీ, మైదానంలో నిలబడే ప్రతి చోటికీ ఒక అంకె ఉంటుందనీ చెప్పింది. బంతి విసిరేవాడు ఒకటి, వాడి బంతి పట్టేవాడు రెండు, మొదటి దిండు దగ్గరివాడు మూడు, అలా తొమ్మిది దాకా. ఆరోవాడు బంతి ఆపి మూడోవాడికి విసిరితే పుస్తకంలో ఆరు గీత మూడు. అంతే, ఒక మనిషి అవుట్.

అమ్మ ముందుకి వంగి ఆ పుస్తకం చూసింది. పేజీ నిండా చిన్న చిన్న గళ్ళు, ప్రతి గడిలోనూ అంకెలు. మూడు నెలల్లో అమ్మ మొహం అలా విప్పారడం నేను చూడలేదు.

తరవాతి ఆదివారం నాన్నకి ఆఫీసు. ఆ వేసవంతా ఆదివారాలు ఆఫీసే. అమ్మా నేనూ రైలెక్కాం. ఆ తరవాత శనివారాలు కూడా. జట్టు వేరే ఊళ్ళు పోయినప్పుడు తప్ప ఒక్క ఆట మానలేదు. అమ్మ మామ్మ పక్క కుర్చీలో, నేను కింద మెట్టు మీద. ఏ బంతి ఎటు పోయిందో అమ్మ తన క్లాసు ఇంగ్లీషులో మెల్లిగా చెప్పేది, మామ్మ రాసేది. కొత్తగా నేర్చుకుంటోంది కదా, మామ్మ అప్పజెప్పించుకుంటోందని అనుకున్నాను.

నాలుగు వారాల్లో ఆటగాళ్ళందరూ మొహాలుగా తెలిసిపోయారు. వాళ్ళంతా జీతం తీసుకుని ఆడేవాళ్ళేనని నాన్న చెప్పాడు. అయితే సోమవారం మరి ఇంకో పనికి ఎందుకు వెళ్తారో నాకు తెలిసేది కాదు. బంతి విసిరేవాళ్ళలో పెద్దాయన వారంలో ఐదురోజులు చిన్న మోటార్ సైకిల్ మీద ఉత్తరాలు పంచేవాడు. మేం పోస్టుమాన్ అనేవాళ్ళం. నలభై దగ్గరపడ్డ మనిషి, భుజానికి మా తాతయ్య మోకాళ్ళకి రాసుకునే నొప్పినూనె లాంటిదేదో పట్టించేవాడు. వల దగ్గరికి వస్తే ముందు ఆ వాసన వచ్చేది. అమ్మ లెక్కలు చెప్పేదని మామ్మ చెప్పినప్పటి నుంచి, అమ్మని ప్రొఫెసర్ అని పిలిచేవాడు. ఆ దేశంలో అమ్మని అలా పిలిచినవాడు ఆయనొక్కడే.

ఆరో చోట నిలబడే కుర్రాడు రొట్టెల బేకరీలో పని నేర్చుకుంటున్నాడు. పంతొమ్మిదేళ్ళుంటాయి. వేగంగా పరిగెత్తేవాడు, బంతి దాకా అందరికన్నా ముందు వెళ్ళేవాడు, వెళ్ళాక జారవిడిచేవాడు. అతని పేరున మామ్మ పుస్తకంలో ఇంగ్లీషు ఈ అక్షరం చాలాసార్లు పడింది. ఈ అంటే ఎర్రర్. పట్టగలిగిన బంతిని వదిలేశాడని అర్థం. ఒకసారి నేను ఆటపట్టించడానికి, చిప్స్ అని చెప్పి అతనికి వేయించిన చల్లమిరపకాయ ఇచ్చాను. మొత్తం ఒకేసారి నమిలాడు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతుంటే, ఏమీ కానట్టు నిలబడి ఇంకోటి అడిగాడు. ఆ రోజు నుంచి అతను బంతి జారవిడిచినప్పుడు నేను మామ్మ పుస్తకం వైపు చూడకుండా మొహం తిప్పుకునేదాన్ని.

నేను చేసిన ఇంకో వెధవపని సాసేజీ. మేం శాకాహారులం. గేటు దగ్గర కాలుతున్న ఉల్లిపాయల వాసన ఆదివారం తరవాత ఆదివారం నన్ను పీక్కుతినేది. ఒకరోజు కాల్చే ఆవిడ, అందరూ వెళ్ళిపోయారు తీసుకో అని రొట్టెలో చుట్టి ఒకటి ఊరికే ఇచ్చింది. అమ్మ బాత్రూంకి వెళ్ళింది కదా అని వచ్చి, బల్ల ఎదురుగా నిలబడి తింటున్నాను. మామ్మ నా వైపే సూటిగా చూస్తోంది. చూస్తూనే, "ఎవరది? నువ్వేనా లవ్? ఉల్లిపాయల వాసనొస్తోంది," అంది. నేను ఆవిడకి మూరెడు దూరంలో ఉన్నాను. చెయ్యి ఊపాను. కళ్ళు కదలలేదు. అప్పుడే వెనక నుంచి అమ్మ వచ్చింది.

సాసేజీ గురించి రైల్లో అమ్మ ఒక్క మాట అనలేదు. భయపడి నేనే మాట మార్చడానికి మామ్మ సంగతి అడిగాను.

"ఆవిడకి కంటి మధ్యలో మచ్చ పడింది," అంది అమ్మ. "పక్కల కనిపిస్తుంది, సూటిగా చూస్తే ఏమీ ఉండదు. రెండో వారమే నాకు తెలిసింది. క్లబ్బువాళ్ళకి తెలిస్తే పుస్తకం తీసేసుకుంటారని ఆవిడ భయం. ఈ ఒక్క సీజన్ పూర్తి చేస్తానంది. నువ్వు ఎవరికీ చెప్పకు."

స్లిప్ టెస్టులో పక్కపిల్ల పేపరు చూశానని, మా టీచరుతో చెప్పి నన్ను క్లాసు ముందు నిలబెట్టించిన మనిషి మా అమ్మ. ఇది కాపీ కొట్టడం కాదా అని అడిగాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మా స్టేషను వచ్చాక, దిగుతూ, తెలీదు అంది. అమ్మ నోట ఆ మాట అంతకు ముందు వినలేదు. లెక్కల మనిషికి తెలీనిది ఉంటుందని నేననుకోలేదు.

క్రిస్మస్ తరవాత ఒక పొద్దున్న, నేను పళ్ళు తోముకుంటుంటే వంటింట్లో అమ్మానాన్నల మాటలు వినిపించాయి. కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరి ఆఖరులోగా చేరకపోతే ఉద్యోగం పోతుంది. నాన్న ఇంకొక్క ఏడాది ఆగమంటున్నాడు, ఆ రెండు సున్నాల గండం గడిచాక అన్నీ చూసుకోవచ్చంటున్నాడు.

"ఏడాది అయ్యేసరికి మీ పని అయిపోతుంది," అంది అమ్మ. "నాది అంతకన్నా ముందే అయిపోతుంది. ఇక్కడ రోజంతా నేనేం చేస్తున్నానో మీకు తెలుసా?"

నాన్న ఏమన్నాడో నీళ్ళ చప్పుడులో వినపడలేదు. అమ్మ వెళ్తే నేనూ వెళ్తాను. అక్కడ నా స్నేహితులున్నారు, ఇక్కడ నా మాట విని నవ్వే పిల్లలున్నారు. అక్కడ నాన్న లేడు, ఇక్కడ ఉన్నాడు. ఎటు కావాలో తేల్చుకోలేక ఆ పని జట్టుకి అప్పగించాను. ఈ వారం గెలిస్తే ఉండిపోతాం, ఓడితే వెళ్ళిపోతాం అనుకునేదాన్ని. మా వాళ్ళు ఓడుతూనే ఉన్నారు కాబట్టి ప్రతి వారం ఇంకొక్క వారం గడువిచ్చేదాన్ని. ఏది రావాలని కోరుకుంటున్నానో నాకే తెలియదు గనక, అవతలి జట్టు పరుగుకీ మా జట్టు పరుగుకీ ఒకేలా చప్పట్లు కొట్టేదాన్ని. వెనక వరసలో ముసలాళ్ళు నన్ను చూసి పాపం అనుకునేవాళ్ళు.

జనవరి ఆఖరి ఆదివారం సీజన్‌లో ఆఖరి ఆట. ఉత్తరాన క్వీన్స్‌లాండ్ నుంచి పెద్ద జట్టు వచ్చింది. భరించలేని ఎండ. మట్టి మీద నీళ్ళు కొడితే నిమిషంలో ఆరిపోతోంది. మా తరఫున పోస్టుమాన్ బంతి విసురుతున్నాడు. ఇదే ఆయన ఆఖరి ఆట అని అందరికీ తెలుసు. అప్పటికి పుస్తకం రాసేది కూడా అమ్మే అయిపోయింది. మామ్మ పేజీ చివర సంతకం చేసేది.

సగం ఆట గడిచాక ఏదో మారింది. మా వాళ్ళు రెండు పరుగులు ముందున్నారు. అయినా ఎవరూ అరవడం లేదు. పోస్టుమాన్ వచ్చి బెంచీ మీద కూర్చుంటే ఆయన పక్క ఎవరూ కూర్చోవడం లేదు, పలకరించడం లేదు. ఆయనకి ఏమైనా కోపం తెప్పించారా అని అడిగాను. మామ్మ వేలు పెదాల మీద పెట్టుకుంది. అమ్మ పుస్తకం నా వైపు తిప్పి అవతలి జట్టు పేజీ చూపించింది. అన్నీ అవుట్లే. ఆయన బంతిని సరిగ్గా కొట్టి దిండు చేరినవాడు ఒక్కడూ లేడు. ఆట చివరి దాకా అలా ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా విసరడం అన్నది చాలామందికి జీవితమంతా ఆడినా దక్కదనీ, దక్కేదాకా ఆ మాట పైకి అనకూడదనీ తరవాత తెలిసింది. ఇరవై రెండేళ్ళ పుస్తకాల్లో మామ్మ అలాంటి పేజీ ఒక్కటీ రాయలేదు. బల్ల కింద ఆవిడ చెయ్యి అమ్మ మోకాలిని పట్టుకుని ఉండడం నాకు కనిపిస్తూనే ఉంది.

చివరి రౌండు. ఇద్దరు అవుట్. ఇంకొక్కడు అవుటయితే ఆట అయిపోయినట్టే. సాయంత్రపు ఎండ రేకుల కింద నుంచి లోపలికి దూరింది. పోస్టుమాన్ విసిరాడు. టప్ మని చప్పుడు. బంతి నేలబారున దూసుకుంటూ ఆరోచోటు వైపు వెళ్ళింది. బేకరీ కుర్రాడు పక్కకి దూకాడు. బంతి అతన్ని తాకి గడ్డిలోకి పోయింది. అతను మోకాళ్ళ మీద లేచేసరికి కొట్టినవాడు మొదటి దిండు మీద నిలబడి ఉన్నాడు.

కుర్రాడు చెయ్యి పైకెత్తి, తన గుండె మీద కొట్టుకున్నాడు. నాదే తప్పు అని.

ఎర్రర్, ఎర్రర్ అని వెనక నుంచి అరుపులు మొదలయ్యాయి. పట్టగలిగింది జారవిడిచాడంటే అది హిట్ కాదు, పోస్టుమాన్ పేజీ చెడదు. పట్టడం ఎవరి తరమూ కాదంటే హిట్, అంతటితో అయిపోయింది. ఏదన్నది తేల్చేది స్కోరు రాసేవాళ్ళే. మైకు దగ్గరి మనిషి మా బల్ల వైపు చూశాడు. ఆటగాళ్ళు చూశారు. పోస్టుమాన్ కూడా చూశాడు.

"ఏమంటావు లవ్?" అంది మామ్మ.

అమ్మ పెన్ను గడి మీద ఆగి ఉంది.

"హిట్," అంది.

మామ్మ మొహం అమ్మ వైపు తిప్పింది, చూడగలిగినట్టే. నమ్మకమేనా అని అడిగింది. అమ్మ మళ్ళీ అదే మాట అంది. మామ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, హిట్ అని ఒక వేలు చూపించింది. మైకులో ప్రకటించారు. వెనక జనం ఊళలు వేశారు, ఎవరో ఖాళీ డబ్బా విసిరితే వలకి తగిలి పడింది. పోస్టుమాన్ బంతిని చేతిలో కాసేపు రుద్దుకుని తరవాతివాడికి మూడు విసిరాడు, మూడూ తగిలించలేక అతను అవుటయ్యాడు. ఆట అయిపోయింది. మేం గెలిచాం. గెలిచామని ఎవరూ అనుకున్నట్టు లేదు. నా పందెం ప్రకారం మేం ఉండిపోవాలి, కానీ అది లెక్కలోకి వస్తుందో రాదో నాకు తెలియలేదు.

క్లబ్బు మేనేజరు ఎర్రబడ్డ మొహంతో బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు కదా, మీరేం చూసి రాశారని మామ్మ మీద గట్టిగా అరిచాడు. అమ్మ లేచి ఏదో చెప్పబోయింది. మామ్మ అమ్మ భుజం పట్టుకుని తానే లేచి నిలబడింది. నవంబరు నుంచి తాను ఒక్క బంతి కూడా చూడలేదనీ, ఆ సీజన్ పుస్తకమంతా ఈవిడ చూసిందేననీ, ఇందులో ఒక్క గడి తప్పుంటే చూపించమనీ అంది. "ఈవిడ హిట్ అంటే హిట్," అని పుస్తకం మూసింది. ఆ మనిషి టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు.

జనం పోయాక పోస్టుమాన్ వల దగ్గరికి వచ్చాడు. నొప్పినూనె వాసన. "హిట్టేనా ప్రొఫెసర్?" అని అడిగాడు. హిట్టేనని అమ్మ చెప్పింది. సరే అన్నాడు. పసుపన్నం ఏమైనా మిగిలిందా అని అడిగాడు. వల చుట్టూ తిరిగి వచ్చి, నిలబడే, డబ్బా మూతలో పెట్టిచ్చిన పులిహోర మొత్తం తిన్నాడు. వేరుశనగలు ఒకటొకటే ఏరుకుని చివర్లో తిన్నాడు. దూరంగా బేకరీ కుర్రాడు బెంచీ మీద మొహానికి గ్లవ్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెళ్దామని లేచి, ఏం చెప్పాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను.

రైల్లో అమ్మ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎర్రర్ అంటే ఏం పోయేది, పోస్టుమాన్, ఆ కుర్రాడు, మామ్మ ముగ్గురూ సంతోషపడేవాళ్ళు కదా అన్నాను. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

పది రోజులకి పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. క్లబ్బు కాయితం మీద లావు నల్ల పెన్నుతో, గీతలు దాటి ఏటవాలుగా పోయిన అక్షరాలు. వృత్తి ఆటల పోటీల్లో ఒక పూర్తి సీజన్‌కి అధికారిక స్కోరు నిర్వహించిన అనుభవం ఈవిడకి ఉందని, ఇంత నిక్కచ్చి మనిషిని తాను చూడలేదని మామ్మ రాసింది. చూడలేదన్న మాట కింద గీత కూడా గీసింది. అమ్మ ఆ ఉత్తరాన్ని అప్లికేషన్‌తో జతచేసి, చేతిపనులు నేర్చుకునేవాళ్ళ కాలేజీకి పంపింది. ఇంటర్వ్యూలో సగంసేపు ఆ ఆఖరి ఆట గురించే అడిగారట. వడ్రంగం, కరెంటు పని నేర్చుకునే కుర్రాళ్ళకి వారానికి రెండుసార్లు లెక్కలు చెప్పే పని ఇచ్చారు. ఫిబ్రవరిలో అమ్మ వెళ్ళలేదు. వెళ్ళడం లేదని మాతో చెప్పిన గుర్తు కూడా లేదు. ఒకరోజు చూస్తే అటకమీద పెట్టెలు ఖాళీ చేసి చలిబట్టలు సర్దుతోంది.

ఆ చలికాలంలోనే జట్టు లేకుండా పోయింది. లీగు మొత్తం మూసేశారని పేపర్లో లోపలి పేజీలో నాలుగు వాక్యాలు వేశారు. కర్నూలు అంకుల్ కౌంటరు కింద మిగిలిన టికెట్ల కట్టని చీటీలు రాసుకోవడానికి వాడుకున్నాడు. ఏడాది చివర రెండు సున్నాలు వచ్చాయి. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, రైళ్ళు నడిచాయి, ఎవరూ వందేళ్ళు వెనక్కి పోలేదు. నాన్న ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోయాడు. అందరూ భయపడింది రాలేదు, ఎవరూ అనుకోనిది ముందే వచ్చి వెళ్ళిపోయింది. ఎవరిని నమ్మి ఏ విషయంలో భయపడాలో నాకు ఇంకా తెలియకుండా పోయింది. మామ్మ సముద్రం పక్క ఊళ్ళో కూతురి దగ్గరికి మారింది. ఏటా క్రిస్మస్ కార్డు వచ్చేది, అక్షరాలు ఏటా ఇంకా లావయ్యేవి. తరవాత రావడం ఆగిపోయింది.

చాలా ఏళ్ళకి, నా పెళ్ళయ్యాక, ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ వెనక వసారాలో గోంగూర ఒలుస్తున్నాం. ఏ మాటలోంచి ఏ మాట వచ్చిందో, అది నిజంగా హిట్టేనా అమ్మా అని అడిగాను. ఏది అని అమ్మ అడగలేదు.

"నాకు కనపడలేదు," అంది. "ఎండ సూటిగా కళ్ళల్లో పడింది. చప్పుడు విన్నాను. చూసేసరికి ఆ అబ్బాయి మోకాళ్ళ మీదున్నాడు."

"మరి హిట్ అని ఎలా చెప్పావు?"

"ఎర్రర్ అని రాయాలంటే చూసి ఉండాలి. చూడకుండా ఒకళ్ళ పేరున తప్పెలా రాస్తాను?"

"అతనే చెయ్యెత్తాడు కదా, నాదే తప్పని."

"ఎత్తుతాడు. ఆ పెద్దాయన కోసం వాళ్ళలో ఎవడైనా ఎత్తేవాడే." ఆకులు చేటలోకి దులిపింది. "కనపడలేదని ఆయనతో చెబుదామనుకున్నా. పులిహోర తింటుంటే పక్కనే నిలబడ్డాను. నోరు రాలేదు. చెప్పాల్సిందేమో. అది మటుకు నాకిప్పటికీ అర్థం కాదు."

ఆ రోజు నా కళ్ళల్లో ఎండ లేదు. కింద మెట్టు మీద బల్ల నీడలో కూర్చున్నాను. బంతిని మొదటి నుంచి చివరి దాకా చూశాను. గడ్డి అంచున దేనికో తగిలి వంకరగా లేచిందని కొన్నేళ్ళు అనుకున్నాను. కాదు, తిన్నగా వెళ్ళి అతని గ్లవ్‌లో పడి జారిందని ఇంకొన్నేళ్ళు అనుకున్నాను. ఎన్నిసార్లు తలుచుకున్నానో, అది అన్ని రకాలుగా ఎగిరింది. ఇప్పుడు అమ్మ అడిగితే ఏం చెప్పాలా అని, ఒలిచిన కాడ చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

అమ్మ అడగలేదు. ఇంకో కట్ట విప్పి నా ముందు పోసింది.